‘మేడమ్‌కి సౌండ్‌బార్ చాలు సర్’: పాలమూరు టీచరమ్మ స్పీకర్లు కొన్న కేస్ స్టడీ

మహబూబ్‌నగర్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్, వనపర్తి చుట్టుపక్కల గుళ్లకు మైక్ సెట్లు, ఫంక్షన్ హాళ్లకు సౌండ్, ఇళ్లకు హోమ్ థియేటర్లు పెట్టడం నా పని. కస్టమర్ల తరఫున హైదరాబాద్ షోరూమ్‌లకు వెళ్లి సామాను చూసి రావడం కూడా ఇందులో భాగమే. ఈ కేసులో సామాను ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. అమ్మేవాళ్ల చిన్నచూపుతోనే అసలు పేచీ అంతా. ఇలాంటి పరిస్థితి మన దగ్గర చాలామందికి ఎదురవుతోంది కాబట్టి, కస్టమర్ అనుమతితో మొత్తం రాస్తున్నాను. ఆవిడ పేరు, షాపుల పేర్లు మాత్రం వదిలేశాను.

కస్టమర్

ఆవిడ రిటైర్డ్ సంగీతం టీచర్. వీణ నేర్పేవారు. ఇప్పటికీ సాయంత్రం పూట పిల్లలు ఇంటికొచ్చి నేర్చుకుంటారు. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దగ్గర సొంత ఇల్లు. అలమారా నిండా క్యాసెట్లు, సీడీలు, కొన్ని ఎల్పీ రికార్డులు. ఇంట్లో ఉన్న పాత టూ-ఇన్-వన్ పూర్తిగా మూలపడింది. రిటైర్మెంట్ డబ్బులోంచి 1,20,000 రూపాయలు ‘పాటలకు’ అని పక్కన పెట్టుకుని, అక్క కొడుకును వెంటబెట్టుకుని హైదరాబాద్‌లోని ఒక ఖరీదైన ఆడియో షోరూమ్‌కు వెళ్లారు.

నా దగ్గరికి వచ్చేటప్పటికి ఆవిడ చేతిలో 4,60,000 రూపాయల కొటేషన్ ఉంది. “ఎఫ్‌డీ తీస్తున్న బిడ్డా. సామాను వచ్చినంక నువ్వొచ్చి ఫిట్ చేసి పెట్టాలె” అన్నారు. ఏది కొనాలని నన్ను అడగలేదు, అప్పటికే నిర్ణయం అయిపోయింది. 1,20,000 అనుకున్న మనిషి ఒక్క పూటలో నాలుగు రెట్లకు దగ్గరగా ఎలా వెళ్లారన్నది నాకు అర్థం కాలేదు. ఆవిడను, అబ్బాయిని విడివిడిగా కూర్చోబెట్టి అక్కడ ఏం జరిగిందో అడిగాను.

ఆ షోరూమ్‌లో

ఇద్దరూ చెప్పింది ఒక్కటే. లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి సేల్స్‌మన్ అబ్బాయి వైపే చూసి మాట్లాడాడు. కొనేది ఆవిడ అని రెండుసార్లు చెప్పినా “ఓకే సర్” అని మళ్లీ అబ్బాయికే చెప్పాడు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. మహబూబ్‌నగర్ అనగానే “ఓ, పాలమూరా” అని నవ్వాడట. ఆ నవ్వు మనకు కొత్త కాదు. వలస కూలీల జిల్లా అన్న ముద్ర మన ఊరి పేరుతో పాటే ప్రయాణం చేస్తుంది.

బడ్జెట్ చెప్పగానే, “ఆ రేంజ్‌లో మా దగ్గర కేబుల్సే వస్తాయి సర్. మేడమ్‌కి సౌండ్‌బార్ చాలు, ఆన్‌లైన్‌లో చూసుకోండి” అన్నాడు. సౌండ్‌బార్ అంటే టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్. వీణ, తంబూర బాగా వినిపించాలి నాయనా అని ఆవిడ అడిగితే, “ఇవి సీరియస్ లిజనర్స్ కోసం మేడమ్” అన్నాడు. జీవితమంతా శ్రుతి సరిచేస్తూ గడిపిన మనిషితో అన్న మాట అది.

అక్కడ ఆవిడకు పంతం వచ్చింది. “మీ దగ్గర అన్నిటికన్నా మంచిది వినిపించండి” అన్నారు. అతను తన డెమో ట్రాక్ పెట్టాడు, గట్టిగా. సౌండ్‌స్టేజ్, ఇమేజింగ్, హెడ్‌రూమ్ అంటూ మాటల వరస మొదలైంది. ఏ మాటా ఆవిడకు అర్థం కాలేదు, అడిగితే ఇంకా చులకన అవుతానేమోనని అడగలేదు. చివరికి “అదే రాసివ్వండి” అన్నారు. మనిషెత్తు స్పీకర్లు, 200 వాట్ల ఆంప్లిఫయర్, 38,000 రూపాయల స్పీకర్ కేబుల్. అన్నీ కలిపి ఆ కొటేషన్.

హాలు ఎంత పొడవు, ఎంత వెడల్పు అని అతను ఒక్కసారి కూడా అడగలేదు. కాలు కొలవకుండా చెప్పులు అమ్మినట్టు.

చిన్నచూపు చూస్తే కస్టమర్ లేచి వెళ్లిపోతాడని, దాంతో షాపుకే నష్టమని మనం అనుకుంటాం. నేను చూసినంతలో ఖరీదైన షాపుల్లో దీనికి పూర్తి వ్యతిరేకంగా జరుగుతుంది. మోర్గాన్ వార్డ్, డారెన్ డాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. లగ్జరీ బ్రాండ్ షాపులో సేల్స్ మనిషి చులకనగా చూస్తే, ఆ స్థాయికి చేరాలని ఆశపడే కస్టమర్‌కు ఆ వస్తువు మీద కోరిక ఇంకా పెరుగుతుంది. మామూలు బ్రాండ్ల దగ్గర ఈ ప్రభావం కనిపించలేదు. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది: ఆ కోరిక నిలవదు, కొద్ది వారాలు గడిస్తే తగ్గిపోతుంది.

టీచరమ్మ కేసులో నాకు దారి చూపించింది ఆ రెండో సంగతే. ‘అతను అవమానించాడు, ఆ షాపుకు పోకండి’ అంటే సరిపోదు. అవమానం జరిగిన వేడిలో డబ్బు కట్టకుండా ఆపాలి. “15 రోజులు ఆగండమ్మా. ఎఫ్‌డీ ఎక్కడికీ పోదు, స్పీకర్లూ ఎక్కడికీ పోవు. ఈలోపు మీ హాలు సంగతి చూద్దాం” అన్నాను. ఈ మధ్యలో షోరూమ్ నుంచి ‘ఆఫర్ ఈరోజుతో ఆఖరు’ అని వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు ఇవ్వొద్దని మాట తీసుకున్నాను.

హాలు చెప్పిన లెక్క

హాలు పొడవు 18 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. కింద షాబాద్ బండలు, నున్నటి గోడలు, పెద్ద అద్దాల కిటికీలు, ఒక చెక్క సోఫా. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే గదంతా గణగణమంది. సౌండ్ ఆగిన తర్వాత గదిలో దాని మోత 60 డెసిబెల్‌లు (సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) పడిపోవడానికి పట్టే టైమ్‌ను బట్టి గది గుణం చెప్పొచ్చు. వందేళ్లకు ముందే వాలెస్ సబైన్ అనే ప్రొఫెసర్ హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాలు సరిచేస్తూ దీనికి సూత్రం తేల్చాడు. గది ఘనపరిమాణాన్ని, అందులో సౌండ్ పీల్చుకునే సామాను ఎంత ఉందన్నదాన్ని బట్టి లెక్క వస్తుంది. ఈ హాలుకు నాకు వచ్చింది దాదాపు 1.3 సెకన్లు. పాటలు వినే ఇంటి హాలుకు అర సెకను దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది.

అంటే ఆ హాల్లో 4,60,000 పెట్టినా, 40,000 పెట్టినా తంబూర మీటు మీద మీటు పడి ముద్దయిపోతుంది. పైగా పెద్ద స్పీకర్లు అక్కడ లాభం కన్నా నష్టమే చేస్తాయి. 18 అడుగుల పొడవున్న గదిలో 31 హెర్ట్జ్ (అంటే సెకనుకు 31 సార్లు ఊగే కింది స్వరం) దగ్గర, 12 అడుగుల వెడల్పుకు 47 హెర్ట్జ్ దగ్గర గోడల మధ్య బేస్ నిలబడి ఊగుతుంది. మనిషెత్తు స్పీకర్లు సరిగ్గా ఆ కింది స్వరాలనే తోసి పంపుతాయి. ఆవిడ వినే కచేరీల్లో అంత కింద పెద్దగా ఏమీ ఉండదు. వచ్చేదల్లా బూమ్ అనే మోత.

వాట్ల సంగతి కూడా కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ కూర్చునే చోటు స్పీకర్లకు సుమారు 9 అడుగుల దూరం. ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్‌లు ఇచ్చే మామూలు స్పీకర్ల జతతో, ఆ దూరంలో 90 డెసిబెల్‌ల వరకు తెచ్చుకోవడానికి 10 వాట్ల లోపే చాలు. 90 అంటే తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒక్కటే మోగే భాగం) తారస్థాయిలో ఉన్నప్పటి మాట, మామూలుగా వినేది అందులో చాలా తక్కువ. 50 వాట్ల ఆంప్లిఫయర్ అయితే కావలసినంత మిగులు. 50 నుంచి 200కు వెళ్తే పెరిగేది 6 డెసిబెల్‌లే.

కేబుల్ లెక్క ఇంకా చిన్నది. 3 మీటర్ల దూరానికి, పోను రాను 6 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకుంటే దాని నిరోధం 0.05 ఓమ్ లోపు. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకే రాదు, పోయే సౌండ్ డెసిబెల్‌లో ఇరవయ్యో వంతు. మన కరెంటు సామాను షాపులో మీటర్ల లెక్కన దొరికే మంచి రాగి వైరు చాలు. 38,000 రూపాయల కేబుల్‌కు నాకు ఏ సమర్థనా కనపడలేదు, ఆ మాటే ఆవిడకూ చెప్పాను.

ముందు హాలుకు ఖర్చు పెట్టాం. మందపాటి కర్టెన్లు, పెద్ద దరీ కింద మెత్తటి పరుపు పొర, ఒక గోడ నిండా ఆవిడ పుస్తకాల ర్యాకు. మొత్తం 16,000. మళ్లీ కొలిస్తే 0.6 సెకన్లు. ఆ రోజు ఆవిడ వీణ తీసి వాయించి చూసుకున్నారు. “గమకం తేటగా వినబడుతున్నది” అన్నారు. ఆ తర్వాత ఎఫ్‌డీ మాట ఆవిడే మానేశారు.

మళ్లీ అదే షోరూమ్‌కు ఎందుకు

ఇలాంటి కేసుల్లో ‘ఇంకో షాపుకు పోవచ్చు కదా’ అంటారు. మైక్ సెట్లకైతే నిజమే. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఒకడు సరిగ్గా మాట్లాడకపోతే పక్కన ఇంకొకడు ఉన్నాడు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న కూడా ‘జనం ఎంతమంది, ఓపెనా హాలా’ అనే. కానీ ఇంట్లో వినే ఖరీదైన బ్రాండ్లలో కొన్నింటికి నగరం మొత్తానికి ఒకే డీలర్ ఉంటాడు. వినాలంటే ఆ గుమ్మమే ఎక్కాలి. ఆవిడకు నేను అనుకున్న చిన్న స్పీకర్ల జత కూడా ఆ షోరూమ్‌లోనే ఉంది.

అందుకని సిద్ధమై వెళ్లాం. ముందుగా ఫోన్ చేసి వారం మధ్యలో పొద్దున పూటకు అపాయింట్‌మెంట్ తీసుకోమన్నాను. ఆవిడ పేరు మీద, ఆవిడ గొంతుతోనే. శని, ఆదివారాలు షోరూమ్‌లు కిటకిటలాడతాయి. అప్పుడు సేల్స్‌మన్ మనిషిని చూసి ‘వీళ్లు కొంటారా కొనరా’ అని క్షణంలో తేల్చుకుంటాడు. ఫోన్‌లోనే ఏ మోడళ్లు వినాలో చెప్పి, ఆ రోజు వినడానికే వస్తున్నామని, కొనడం తర్వాత అని చెప్పించాను. ఈ ఒక్క మాటతో అమ్మేవాడి తొందర సగం తగ్గుతుంది.

ఒక కాగితం మీద హాలు కొలతలు, కూర్చునే దూరం, ఏం వింటారు, ఎంత పెడతారు అన్నవి రాసుకున్నాం. ఆవిడకు బాగా తెలిసిన కచేరీ సీడీల్లోంచి మూడు ముక్కలు నాణ్యత తగ్గకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను: ఒకటి తంబూరతో మొదలయ్యే ఆలాపన, ఒకటి వీణ, ఒకటి మృదంగం తని. అబ్బాయికి ఒకటే పని. ఏది అడిగినా ‘మా చిన్నమ్మను అడగండి’ అనాలి. నేను కూడా వీలైనంత వరకు నోరు విప్పనని ముందే చెప్పాను. టెక్నీషియన్ మాట్లాడటం మొదలుపెడితే సేల్స్‌మన్ టెక్నీషియన్‌తోనే మాట్లాడతాడు, కొనే మనిషి మళ్లీ పక్కకు పోతుంది.

అదే సేల్స్‌మన్. కూర్చోగానే అబ్బాయి వైపు తిరిగి, “చెప్పండి సర్, బడ్జెట్ ఏమైనా పెరిగిందా?” అన్నాడు. అబ్బాయి చిన్నమ్మ వైపు చూపించాడు. ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి, “కొనేది నేను బాబూ. నాతో మాట్లాడు. ఇది నా హాలు, ఇంత దూరంల కూసుంట. ఈ రెండు జతలు వినాలె” అన్నారు. గొంతు పెంచలేదు. క్లాసులో పిల్లలకు చెప్పినట్టే చెప్పారు. అతను కాగితం తీసుకుని చదివాడు. అది చదువుతూనే అతని కూర్చునే తీరు మారింది.

తన డెమో ట్రాక్ పెట్టబోతే “అది వద్దు, ఇది పెట్టు” అని పెన్‌డ్రైవ్ ఇచ్చారు. పాత రికార్డింగుల్లో సిస్టమ్ సత్తా తెలియదు మేడమ్ అన్నాడు. “నేను ఇంట్లో వినేది ఇవే” అన్నారు. దానికి అతని దగ్గర జవాబు లేదు.

మొదట పెద్ద స్పీకర్లు, వెంటనే చిన్నవి. పెద్దవే బాగున్నాయని అందరికీ అనిపించింది, ఆవిడకు కూడా. నేను కల్పించుకున్నది ఇక్కడ ఒక్కచోటే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి ఆవిడ చెవి పక్కన పట్టుకున్నాను. పెద్దవి 78, చిన్నవి 74. నాబ్ ఒకే చోట ఉంది. ఇది మోసమే అనక్కర్లేదు. పెద్ద స్పీకర్ అదే కరెంటుకు ఎక్కువ మోగుతుంది, అంతే. కానీ మనిషి చెవికి కొంచెం గట్టిగా మోగేది కొంచెం మంచిదిగా వినిపిస్తుంది. చిన్నవి మోగేటప్పుడు నాబ్ పెంచి 78కి తెమ్మని అడిగాను. ఇష్టం లేకపోయినా తెచ్చాడు.

ఈసారి ఆవిడ కళ్లు మూసుకున్నారు. తంబూర మొదలైంది. ఒడిలో కుడిచెయ్యి వేళ్లు తీగ మీటుతున్నట్టే కదులుతున్నాయి. పెద్దవాటికి మార్చినప్పుడు కాసేపు విని, “మంద్రం తీగ ఉబ్బి వస్తున్నది, పంచమం దాని కింద పడిపోతున్నది” అన్నారు. చిన్నవాటికి మార్చగానే తల ఊపారు. మృదంగం తనిలో తొప్పి (ఎడమ వైపు) దెబ్బ ఎక్కడ పడి ఎక్కడ ఆగిందో చెప్పారు. సేల్స్‌మన్ ఇంకోసారి పెట్టి తనూ విన్నాడు. “మేడమ్, మీరు మ్యూజిక్ టీచరా?” అన్నాడు అప్పుడు. ఆ ప్రశ్న మొదటి రోజు అడగాల్సింది.

అతని మీద నాకు కోపం లేదని అనను. అయినా ఆ ఉద్యోగం సంగతి కూడా తెలుసు. టార్గెట్లు, కమిషన్, ఓనర్ నేర్పిన నాలుగు మాటలు, గుమ్మంలో మనిషి చెప్పులు చూసి లెక్క కట్టే అలవాటు. సంగీతం వినే తీరిక వాళ్లలో చాలామందికి ఎవరూ ఇవ్వరు. మర్యాదగా, స్పష్టంగా, పనిలో పెట్టే ప్రశ్న అడిగితే వాళ్లలోని మంచి పనివాడు బయటికి వస్తాడు. పోట్లాటకు దిగితే రాడు. రెండు రకాలూ చూశాను.

ఆంప్లిఫయర్, బిల్లు

స్పీకర్లు ఒక్కటే తీసుకుంటామంటే మళ్లీ పేచీ. “వేరే ఆంప్ పెడితే స్పీకర్ కాలిపోతుంది, వారంటీ పోతుంది” అన్నాడు. స్పీకర్లు ఎక్కువగా దెబ్బతినేది ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి మోగించినప్పుడు. ఇంకో కంపెనీది పెట్టినంత మాత్రాన ఏమీ కాదు. ఇది వాదించకుండా ఆవిడ చేత ఒక్క మాటే అనిపించాను: “ఆ మాట కొటేషన్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి.” రాయలేదు. తేడాగా అనిపించిన ఏ మాటకైనా ఇదే మందు.

బిల్లు మాత్రం చాలా జాగ్రత్తగా చూశాం. కొటేషన్‌లో ధర మీద 18 శాతం జీఎస్టీ విడిగా వేశారు. పెట్టె మీది ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి, దానికి మించి తీసుకోకూడదు. పెట్టె చూపించి మొత్తం సరిచేయించాం. సీరియల్ నంబర్లు బిల్లులోకి ఎక్కించాం. భారత్‌లోని అధికారిక దిగుమతిదారు వారంటీయేనని రాయించాం. దొడ్డిదారిన వచ్చిన సరుకుకు షాపు మాట తప్ప కంపెనీ వారంటీ ఉండదు.

అంతా అయ్యాక చూస్తే బిల్లు అబ్బాయి పేరు మీద ఉంది! ఆవిడ వెనక్కి ఇచ్చి తన పేరుతో కొట్టించుకున్నారు. ఇది గౌరవం కోసం మాత్రమే కాదు. రేపు వారంటీ అడగాలన్నా, ఫిర్యాదు చేయాలన్నా బిల్లు మీద పేరున్న మనిషికే సులువు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం కూడా తప్పే. కొన్నది హైదరాబాద్‌లో అయినా కేసు మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా చాలాసార్లు పని అవుతుంది. ఈ కేసులో అంత దూరం పోలేదు.

ఆంప్లిఫయర్ వేరే షాపులో తీసుకున్నాం. అక్కడి పెద్దాయన కూర్చోగానే “హాలు ఎంతమ్మా?” అని అడిగాడు. నా వరకు మంచి షాపుకు అదే గుర్తు. స్పీకర్లు, ఆంప్లిఫయర్, పాటలు నిల్వ చేసి ఆడించే పెట్టె, వైరు, మన ఊరి వడ్రంగి చేసిన టేకు స్టాండ్లు అన్నీ కలిపి 94,000. హాలుకు పెట్టిన 16,000తో 1,10,000. అనుకున్న దానిలో పదివేలు మిగిలాయి.

ఫిట్టింగ్, ఆ తర్వాత

స్పీకర్లను గోడకు రెండడుగుల ముందుకు జరిపి, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) ఆవిడ చెవి ఎత్తుకు వచ్చేట్టు స్టాండ్లు కోయించాను. మొదటి రోజు ఒక చోట చిన్న జరజర వచ్చింది. స్పీకర్ అనుకున్నారు గానీ, అది షోకేస్ అద్దం. అంచుకు ఫెల్ట్ ముక్కలు అంటిస్తే పోయింది. క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పని ఆవిడ శిష్యుల్లో ఒకమ్మాయి నేర్చుకుని చేస్తోంది.

ఎల్పీ రికార్డుల సంగతి మిగిలి ఉంది. మిగిలిన పదివేలకు ఇంకొంత కలిపి ఒక టర్న్‌టేబుల్ తీసుకోవాలని ఆవిడ ఆలోచన. చౌకరకం సూట్‌కేస్ ప్లేయర్లలో సూది బరువు ఎక్కువ, వాటితో పాత రికార్డులు అరుగుతాయని చెప్పాను. ఆంప్లిఫయర్‌లో టర్న్‌టేబుల్ కలిపే ఫోనో ఇన్‌పుట్ ఉంది కాబట్టి విడిగా ప్రీ-ఆంప్ అక్కర్లేదు. ఏ షాపులో వినాలో ఈసారి ఆవిడే ఫోన్ చేసి కనుక్కుంటున్నారు. అపాయింట్‌మెంట్ కూడా వారం మధ్యలోనే అడిగారు.